పదకొండు సెకన్లు

తెల్లవారుజాము మూడున్నరకి
కె.ఆర్. మార్కెట్ పూల సందులో
తడి గోనెపట్టాల మీద చెప్పులు జారుతుంటే
ఒక చేత ఫోను, ఒక చేత నోటుబుక్కు.
నువ్వక్కడ నిలబడింది పూలు కొనడానికి కాదని
మొదట కనిపెట్టింది కనకాంబరాల జయమ్మ.
"ఏం రాస్తావమ్మా దినామూ?" అందట కోలారు తెలుగులో.
"నీ డబ్బా ఎంతసేపటికి పలుకుతుందో
రాస్తా ఉండానక్కా."

అంతే నీ పరిశోధన, మునిలక్ష్మీ.
కొన్నవాడు ఫోను చూపిస్తాడు,
డబ్బు గాల్లోకి లేస్తుంది,
ఎక్కడెక్కడి సర్వర్ల గడపలో తొక్కి
తిరిగొచ్చి, జయమ్మ మోకాలి పక్కనున్న డబ్బాలో
నలభై రూపాయలు వచ్చాయని కన్నడంలో పలుకుతుంది.
సందడి తగ్గాక రెండు సెకన్లు.
చామంతి లారీలు దిగే వేళ పదకొండు.
పద్నాలుగు అంగళ్లు, నలభై ఒక్క రోజులు.
అందులో రెండు రోజులు నీకు జ్వరం.
ఆ గళ్లు ఖాళీగానే ఉంచావు,
ఊహించి నింపలేదు.
నేను నిన్ను నమ్మింది ఆ ఖాళీ గళ్ల దగ్గరే.

ఇప్పుడేమో ల్యాబు తలుపుకి ఆనుకుని
"నేనింకా డిగ్రీ మూడో ఏడే గదా మేడమ్,
ఆడికొచ్చేదంతా పీహెచ్‌డీలంట" అంటావు.

వస్తారు. మెడలో తాడు, తాడుకి పేరు.
కొందరు నీ స్లైడు చూడకుండా ఫోను చూసుకుంటారు.
ఒకాయన తప్పకుండా లేస్తాడు,
చిన్న ప్రశ్న అని మొదలెట్టి
తన పేపరంతా చదివి కూర్చుంటాడు.
పోనీలే, ఆయన మాటా
ఎవరూ వినని రోజొకటి ఉండే ఉంటుంది.
తెలిస్తే చెప్పు. తెలియకపోతే
"తెలీదు సార్" అను.
ఆ రెండు మాటలు పలకడానికి
నాకు నలభయ్యేళ్లు పట్టాయి.

ఒకప్పుడు నాకూ ఒక ఉత్తరం వచ్చింది.
మద్రాసులో సభ, ఇరవై నిమిషాలు నావి.
ఇంగ్లీషు తడబడుతుందని
కడుపునొప్పి అని రాసి పంపాను.
ఆ ఇరవై నిమిషాలు ఏం చేశారో తెలీదు.
టీకి ముందుగా వదిలేసి ఉంటారు.

నీ గ్రాఫులో నాకు నచ్చింది గీత కాదు.
గీత కింద పెన్సిలుతో రాసి
నువ్వు చెరిపేసిన వాక్యం:
"డబ్బా పలక్కముందే జయమ్మక్క పూలిచ్చేసింది,
మొహం చూసి."
ఎందుకు చెరిపావు? అంకె కాదనా?
నెట్‌వర్కు నీళ్లు నమిలే ఆ పదకొండు సెకన్లూ
సంతని నడిపేది ఆ చూపే గదా!
పెద్దవాళ్ల పటాల్లో ఆ సందు లేదు పిల్లా.
మూడున్నరకి లేచి అక్కడ నిలబడే ఓపిక
ప్రమోషను లెక్కలింకా అంటని వయసుకే ఉంటుంది.
మళ్లీ రాయి. ఈసారి ఇంకుతో.
జయమ్మ పేరు రాయాలంటే ముందు ఆమెని అడుగు.
సరేనంటే, చివర కృతజ్ఞతల్లో కాదు,
మొదటి స్లైడులోనే పెట్టు.

ఫీజు సంగతి నాకొదిలెయ్.
పోస్టరు చుట్టడానికి
పాత కేలెండరు గొట్టం ఒకటుంది బీరువా మీద,
బల్లి ఉందేమో దులిపి తీసుకో.

*

శనివారం సాయంత్రం.
యశవంతపురం సిగ్నలు దగ్గర
వానకి ఆగిపోయిన బస్సులోంచి నీ మెసేజీ,
ముక్కలు ముక్కలుగా:

ఎన్ని అంగళ్లు అని అడిగినారు మేడమ్.
పద్నాలుగన్నా.
తక్కువే అన్నారు.
అవున్సార్ తక్కువే అన్నా.

ఒకామె మాత్రం నోటుబుక్కు చూపించమనింది.
జ్వరం గళ్ల కాడ ఆగింది. ఏమీ అన్లేదు.

మైకు నాకు ఎత్తయింది మేడమ్.
దించమన్నా.

దించినారు.